నీళ్ళు నిలవని నల్లకుండ

కుండ అన్నాక అందులో నీళ్ళు నిలవాలి. మన అమ్మమ్మలు కుండ బేరం చేసేటప్పుడు వేలి కణుపుతో టంగుమని కొట్టి, చెవి వొగ్గి విని, "ఇది కాలలేదు, ఇంకోటి చూపించవయ్యా" అని కుమ్మరితో పేచీ పెట్టుకునేది అందుకే కదూ! అలాంటిది, నీళ్ళు పోస్తే మెల్లిగా చెమర్చి కారిపోయే కుండను ఎవరైనా డబ్బిచ్చి కొంటారా అంటే, కొంటారు. విమానాలెక్కి వచ్చి మరీ కొంటారు. కొనేముందు దాన్ని ఎండలో పెట్టి, నీడలో పెట్టి, నాలుగు వైపులనించీ ఫొటోలు తీసుకుంటారు.

ఆ కుండలు చేసే ఊరు మెక్సికో దేశంలో వుంది. దేశానికి దక్షిణాన వహాకా అనే రాష్ట్రం. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం 'ఓక్సాకా' అని చదవబోతాం గాని, అక్కడివాళ్ళు పలికేది వహాకా అనే. రాజధాని పట్నం పేరూ అదే. ఆ పట్నం నించి దక్షిణంగా ఓ 12 కిలోమీటర్లు పోతే సాన్ బార్తొలో కొయొతెపెక్ వస్తుంది. నోరు తిరగని ఈ పేరులో ముందరి సగం స్పెయిన్ నించి వచ్చిన క్రైస్తవ సన్యాసులు తగిలించింది. బార్తొలొమ్యూ అనే సెయింటు పేరు. వెనకటి సగం అజ్టెక్కుల భాష. కొయొతీల కొండ అని అర్థం. కొయొతీ అంటే మన నక్కకి పెద్దన్నలాంటి జంతువు. ఇంతా చేసి ఊరివాళ్ళు స్పెయిన్‌వాళ్ళూ కారు, అజ్టెక్కులూ కారు. సపొటెక్కులు. పైనించి వచ్చినవాళ్ళు చెరో సగం పేరు పెట్టి పోయారు. కుండలు మాత్రం మొదటినించీ వీళ్ళే చేశారు.

కెమేరా మెళ్ళో వేసుకుని, గైడు వెంట పొద్దున్నే బయల్దేరి, ఇలాంటి పనివాళ్ళ ఊరు ఒకటి కాలినడకన చూసిరావడం ఇప్పటి టూరిస్టులకు పెద్ద సరదా. వహాకా చుట్టూ అలాంటి ఊళ్ళకి కొదవలేదు. తెయొతిత్లాన్‌లో ఉన్ని తివాచీలు, అత్సొంపాలో పచ్చటి మెరుగు మట్టిపాత్రలు, అర్రసొలాలో రంగురంగుల చెక్కబొమ్మలు. ఊరికో విద్య. కొయొతెపెక్ వంతుకి నల్లమట్టి వచ్చింది. గంటా రెండు గంటల్లో అయిపోయే నడకే. రండి, మనమూ వెళ్ళొద్దాం. కెమేరా లేకపోయినా ఫరవాలేదు, చూడటానికి కళ్ళుంటే చాలు.

నడక మొదలెట్టే ముందు తెలిసిన గైడు ఒక మాట చెబుతాడు. "గోడల్నీ, గుమ్మాల్నీ మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి. మనుషుల్ని మాత్రం అడిగి తియ్యండి." అడగడమంటే మళ్ళీ కెమేరా ఎత్తి పట్టుకుని కనుబొమలు ఎగరెయ్యడం కాదు. పలకరించి, పని చూసి, రెండు మాటలు మాట్లాడి అప్పుడు అడగడం. మన వంటింట్లోకి ఎవరో పరాయి మనిషి దూరి, మనం చెమటలు కక్కుతూ పప్పు రుబ్బుతూంటే ఫొటో తీస్తే ఎలా వుంటుందో ఒక్కసారి అనుకుంటే ఈ నియమం వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ చాలామందికి ఇల్లే కార్ఖానా.

ఊరి నడుమ ఒక మైదానం, ఒక పక్క చర్చి, ఇంకో పక్క జానపద కళల మ్యూజియం. చర్చిల ఫొటోలు ఎలాగూ అందరి దగ్గరా వుంటాయి గనక మనం ముందుకి పోదాం. అంగళ్ళలో అలమరల నిండా కాటుకలా నల్లగా, అద్దంలా నిగనిగలాడుతూ కూజాలు, గిన్నెలు, పక్షులు, గంటలు. కుండ ముందు నిలబడితే మన మొహం అందులో పొడుగ్గానో, బుర్రగానో కనిపిస్తుంది. ఫొటో తీయబోతే కెమేరా పట్టుకున్న మనమే పడతాం! నలుపుని ఫొటో తీయడం చాలా కష్టమని ఇక్కడే తెలుస్తుంది. సూటిగా వెలుగు పడితే కుండ మీద తెల్లటి మచ్చ తప్ప మరేమీ వుండదు. కిటికీ పక్కన పెట్టి, వెలుగు వారగా జారేట్టు చూసుకుంటే అప్పుడు ఒంపు తేలుతుంది.

"ఇది మా తాతముత్తాతలనాటి విద్య" అని అంగట్లో చెబుతారు. వచ్చినవాళ్ళు తలలూపి, మూడువేల ఏళ్ళనాటి మెరుపు చూస్తున్నామనుకుని పొంగిపోతారు. మట్టి మాట అయితే నిజమే. ఈ లోయలోనే, వహాకా పట్నానికి ఆనుకుని వున్న కొండమీద క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతంలో సపొటెక్కులు మొంతె అల్బాన్ అనే నగరం కట్టుకున్నారు. దాన్నీ, పట్నంలోని పాతబస్తీనీ కలిపి 1987లో యునెస్కోవాళ్ళు ప్రపంచ వారసత్వంగా గుర్తించారు. ఆ కొండమీద తవ్వకాల్లో బూడిదరంగు మట్టిపాత్రలు కుప్పలుగా దొరికాయి. కుండ చేసే తీరు కూడా పాతదే. స్పెయిన్‌వాళ్ళు వస్తూ కుమ్మరి సారె తెచ్చారు గాని కొయొతెపెక్ దానికి లొంగలేదు. ఒక మట్టి మూకుడు బోర్లించి, దాని వీపుమీద ఇంకో మూకుడు వెల్లకిలా పెట్టి, అందులో మట్టిముద్ద వుంచి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో కుండ లేపుతారు. ఇరుసూ లేదు, చక్రమూ లేదు. రెండు మూకుళ్ళు, రెండు చేతులు. అంతే.

మరి మెరుపో? మెరుపు వయసు మాత్రం మూడువేలేళ్ళు కాదు, మూడు వందలేళ్ళు కూడా కాదు. 1950లలో మొదలైంది. మొదలుపెట్టింది ఒక ఇల్లాలు.

ఆవిడ సంగతికి వచ్చేముందు పాత కుండ సంగతి కాస్త చెప్పుకోవాలి. నల్లకుండకి ముందు ఈ ఊరికి పేరు తెచ్చింది బూడిదరంగు కడవ. మెరుపూ లేదు, నగిషీ లేదు. బాగా కాలి, వేలితో కొడితే గంటలా మోగేది. నీళ్ళకి అదే, మెస్కాల్‌కి అదే. మెస్కాల్ అంటే అక్కడి సారా. మన పొలాల గట్లమీద కంచెగా వేస్తారే కిత్తనార, ఆ జాతి మొక్క దుంపను కాల్చి, పులియబెట్టి, దించుతారు. దానికోసం కోతి ఆకారంలో సీసాలు కూడా చేసేవారు. తాగినవాడు ఏమవుతాడో సీసా ముందే చెబుతోంది కాబోలు! సరే, ఆ కడవలు ఎంత గట్టివంటే, దెబ్బ తగిలినా అంత తేలిగ్గా పగిలేవి కావు.

ఆ తర్వాత కథ మనకి తెలియనిది కాదు. గాజుసీసాలొచ్చాయి, రేకుడబ్బాలొచ్చాయి, చివరికి ప్లాస్టిక్ బిందె వచ్చింది. బరువు లేదు, పగలదు, చవక. మైళ్ళకొద్దీ నీళ్ళు మోసే ఆడదానికి ప్లాస్టిక్ బిందె వచ్చిన రోజు పండగరోజే. దాన్ని నేను తప్పు పట్టలేను. కాని కుమ్మరి ఇంట్లో పొయ్యి ఆరిపోయేది కూడా ఆ రోజే.

అదే కాలంలో మరోవైపు మెక్సికోలో చిత్రమైన మార్పొకటి జరిగింది. 1910లో మొదలైన విప్లవం పదేళ్ళు దేశాన్ని కుదిపి వదిలింది. అంతకుముందు దొరలకు యూరపు నించి వచ్చిన పింగాణీ ముద్దు. పల్లెటూరి మట్టిపాత్ర వంటింటి దొడ్డిగుమ్మం దగ్గర వుండవలసిందే. విప్లవం సద్దుమణిగాక 1921లో, స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళయిన ఉత్సవాల్లో, రాజధానిలో జానపద కళల ప్రదర్శన పెట్టారు. డాక్టర్ ఆత్ల్ అని మారుపేరు పెట్టుకున్న చిత్రకారుడు ఆ కళల మీద పెద్ద పుస్తకమే రాశాడు. నిన్నటి దొడ్డిగుమ్మం కుండ ఒక్కసారిగా దేశానికి గర్వకారణమై కూర్చుంది!

ఫొటోలు వచ్చింది ఆ వెనకే. 1926లో అనితా బ్రెన్నర్ అనే అమ్మాయి, అప్పటికి ఆమెకి పట్టుమని ఇరవై ఒక్క ఏళ్ళు, మెక్సికో కళల మీద పుస్తకం తలపెట్టి ఇద్దరు ఫొటోగ్రాఫర్లను కుదుర్చుకుంది. ఒకరు అమెరికా నించి వచ్చిన ఎడ్వర్డ్ వెస్టన్, రెండోవారు ఇటలీలో పుట్టిన టీనా మొదొత్తీ. ఆమె అతని దగ్గరే కెమేరా పని నేర్చుకుంది. రైళ్ళలో, బస్సుల్లో, అంత బరువు కెమేరాలు మోసుకుని ఆ ఇద్దరూ ఊరూరా తిరిగారు. వహాకాకీ వచ్చారు. వెస్టన్ తీసిన వాటిలో వహాకా కుండలు మూడు పక్కపక్కన వున్న ఫొటో ఒకటి పేరు పొందింది. అప్పటికి మన ఇల్లాలి మెరుగు ఇంకా పుట్టలేదు. అతన్ని పట్టుకున్నది మెరుపు కాదు, ఆ గుండ్రటి ఒంపే. బ్రెన్నర్ పుస్తకం 1929లో అచ్చయింది.

అదే ఏడు, 1926లోనే, వెస్టన్ ఇంకో ఫొటో తీశాడు. ఆకాశం మీదికి ఎత్తిన ఒక చెయ్యి, ఆ చేతిలో కుండ. మనిషి మొహం లేదు. కాని ఫొటో పేరులో మనిషి పేరుంది: 'అమాదొ గాల్వాన్ చెయ్యి'. హలిస్కొ రాష్ట్రంలోని తొనలా ఊరి కుమ్మరి అతను. ఆ పేరు రాసిపెట్టబట్టే ఇవాళ మనం తలుచుకుంటున్నాం. టీనా కూడా చేతుల్ని చాలా తీసింది. పారమీద వాల్చిన కూలీ చేతులు, బట్టలుతికే చేతులు. 1929లో వహాకా రాష్ట్రంలోనే తెవాంతెపెక్ వెళ్ళి, రంగులద్దిన పెద్ద బుర్రలు తలమీద పెట్టుకుని నడిచే ఆడవాళ్ళను తీసింది. ఎంత ఠీవిగా వుంటారో వాళ్ళు! కాని ఎవరు, ఏ ఇంటివాళ్ళు అంటే 'తెవాంతెపెక్ స్త్రీ'. అంతకంటే లేదు. అప్పటి ఫొటోల్లో ఇది మామూలే. కుండకి ఊరి పేరుంటుంది, ఫొటోకి తీసినవాడి పేరుంటుంది, కుండ చేసినావిడకి పేరుండదు.

కొయొతెపెక్‌లో అలా జరగలేదు. అందుకే ఈ ఊరంటే నాకు ఇష్టం.

ఆవిడ పేరు రోసా రియాల్. 1900లో పుట్టింది. కుమ్మరి ఇంటి మనిషి, భర్త హువెంతీనొ నియెతొదీ అదే పని. ఊళ్ళో అందరూ 'దోన్యా రోసా' అంటారు. మన మాటల్లో రోసమ్మగారు అన్నమాట. ఆవిడ చేసిన పని చెబితే ఇంతేనా అనిపిస్తుంది. ఆరీ ఆరని కుండను పలుగురాయితో రుద్దింది. ఆవంలో కాస్త తక్కువ వేడిమీద కాల్చి తీసింది. బూడిదరంగు కుండ బదులు నల్లటి అద్దం బయటికి వచ్చింది.

ఎందుకలా అంటే, రాయితో గట్టిగా అదిమి రుద్దినప్పుడు పైపొరలో మట్టిరేణువులు పక్కపక్కన పలకల్లా పడుకుంటాయి. నునుపు అక్కడినించి వస్తుంది. నలుపు మంటలో వస్తుంది. కట్టెలతో కాల్చి, ఆవం నోరు మూసి మట్టి మెత్తుతారు. గాలి అందని మంట పొగ కక్కుతుంది. మట్టిలో వున్న ఇనుము ఎరుపుకి తిరగకుండా నల్లబడిపోతుంది. ఇదంతా 700, 800 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య జరగాలి. వేడి ఇంకా పెంచితే కుండ గట్టిపడుతుంది, నీళ్ళు నిలుస్తాయి, కాని మెరుపు మాయమై మళ్ళీ బూడిదరంగే. వేడి తగ్గిస్తే మెరుపు దక్కుతుంది, కాని కుండ పెళుసు, నీళ్ళు నిలవవు. రెండూ కావాలంటే ఒక్క కుండలో కుదరదు. ఏదో ఒకటి వదులుకోవాలి. రోసమ్మగారు నీళ్ళని వదులుకుంది.

వదులుకోవాల్సినవి అప్పటికే పోయిన నీళ్ళే కదా! బిందె వేరే వచ్చేసింది. 1940లలో పెద్ద రోడ్డు పడి రాజధాని నించి వహాకాకి కార్లు రావడం మొదలైంది. ఆ కార్లలో వచ్చేవాళ్ళు కడవతో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు కారు. ఇంట్లో బల్లమీద పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి వాళ్ళకి. అమెరికా కోటీశ్వరుడు, తర్వాత ఉపాధ్యక్షుడైన నెల్సన్ రాక్‌ఫెల్లర్ కూడగట్టిన మెక్సికన్ కళాఖండాల్లో ఆవిడ పాత్రలూ చేరాయి. ఒక్క తరంలో ఊరంతా పలుగురాయి పట్టింది.

ఒక మాట ఒప్పుకోవాలి. రాయితో కుండను నునుపు చెయ్యడం రోసమ్మగారు లోకంలో మొదటిసారిగా కనిపెట్టిందనడం సరికాదు. అది ఎన్నో దేశాల్లో వున్న పాత విద్యే. మొంతె అల్బాన్ నాటి పాత్రల్లోనూ నునుపు పెట్టినవి వున్నాయి. ఆ విద్యని ఈ మట్టికి, ఈ ఆవానికి, ఈ కాలానికి సరిపెట్టడం ఆవిడ గొప్ప. చిత్రమేమిటంటే, ఆవిడకి ముప్ఫై ఏళ్ళ ముందే, 1848 దాకా మెక్సికోదే అయిన న్యూ మెక్సికోలో, సాన్ ఇల్దెఫొన్సొ అనే గూడెంలో మరియా మార్తినెస్ అనే మరో ఇల్లాలు భర్త హూలియన్‌తో కలిసి ఇలాంటి పనే చేసింది. రాయితో రుద్ది, మంటమీద ఎండు గుర్రప్పేడ పొడి కప్పి పొగబెట్టి, నల్లటి మెరుగు కుండలు తీసింది. ఆవిడ కుండల్లోనూ నీళ్ళు నిలవవు. ఆవిడ గూడెమూ ఆ కుండలమీదే తేరుకుంది. 1920లలోనే కుండ అడుగున తన పేరు రాయడం మొదలుపెట్టింది ఆవిడ. మరియా పోయింది 1980లో. రోసమ్మగారూ 1980లోనే పోయింది.

ఇక పదండి, రోసమ్మగారి ఇంటికి. ఆవిడ కుటుంబంవాళ్ళే ఇప్పటికీ అక్కడ కుండలు చేసి చూపిస్తారు. లోపలి వాకిలి చుట్టూ అరల్లో నల్లటి పాత్రలు. అందరూ చుట్టూ చేరతారు. మూకుడు తిరుగుతుంది, మట్టిముద్ద మెడ సాచి కూజా అవుతుంది, కెమేరాలు టకటకలాడతాయి. నాలుగు నిమిషాల్లో ముద్ద కుండైపోతే చప్పట్లు కొడతారు. ఫొటోల్లో పడేది ఈ నాలుగు నిమిషాలే. తెచ్చిన మట్టిని నానబెట్టి, రాళ్ళేరి, వడగట్టడం పడదు. మూడు వారాల దాకా నీడపట్టున ఆరబెట్టడం పడదు. పలుగురాయి పుచ్చుకుని అంగుళం అంగుళం రుద్దుతూ పోవడం ఫొటో తీశారే అనుకోండి, అందులో ఏమీ జరుగుతున్నట్టుండదు. ఎవరో తలవంచుకుని కూర్చున్నారంతే. మన బియ్యంలో రాళ్ళేరే పనికి ఫొటో తీస్తే ఎలా వుంటుందో అలా.

నాకయితే తియ్యాల్సిన ఫొటో అదే అనిపిస్తుంది. కుండ ధర అంతా అందులోనే వుంది.

"పాత కళ పాడైపోయింది, టూరిస్టుల కోసం అలంకారాల వస్తువు చేసేశారు" అని విచారించే పెద్దలు వున్నారు. విచారం వినడానికి బాగానే వుంటుంది. అలా అనేవాళ్ళెవరూ కడవ భుజాన పెట్టుకుని నీళ్ళు మోసినట్టు కనపడరు. కుండ మారకుండా వుంటే కుండ మ్యూజియంలో వుండేది, చేసేవాళ్ళు పట్నంలో కూలికి పోయేవాళ్ళు. పోనీ మారాక పనితనం తగ్గిందా అంటే, అదీ లేదు. ఎలాగూ నీళ్ళు పొయ్యనప్పుడు చిల్లులు పెడితే మాత్రం ఏం అనుకున్నారో ఏమో, పచ్చికుండ తోలులా ఆరినప్పుడు చాకుమొనతో పువ్వులూ, ఆకులూ కోసి, జల్లెడలా చేసి కాల్చడం మొదలుపెట్టారు. లోపల దీపం పెడితే గోడమీద పూలతోట పరుచుకుంటుంది. నీళ్ళు నిలిచే కుండకి ఆ యోగం ఎక్కడిది? ఈ ఊరివాడే కార్లొమాగ్నొ పెద్రొ అనే శిల్పి ఈ నల్లమట్టితోనే అస్థిపంజరాలూ, జానపద కథల బొమ్మలూ చేసి 2014లో మెక్సికో జాతీయ బహుమతి పుచ్చుకున్నాడు.

నాకు మింగుడు పడనిదల్లా ఆ 'తాతముత్తాతలనాటి మెరుపు' అన్న మాటే. అలా అంటే బేరం బాగా సాగుతుందేమో గాని, 1950లలో పలుగురాయి పట్టుకుని కూర్చున్న మనిషి ఆ మాటలో కొట్టుకుపోతుంది. వేలయేళ్ళ విద్య అనగానే అది ఎవరూ చెయ్యకుండా దానంతటదే వచ్చినట్టుంటుంది.

బూడిదరంగు కడవలు కూడా పూర్తిగా పోలేదు. మెస్కాల్ కోసం, పాత అలవాటు కోసం ఇప్పటికీ కొందరు చేస్తూనే వున్నారు. నల్లవాటి ధగధగల పక్కన అవి ఎవరి కంటా పడవు. వాటిని ఎక్కువమంది ఫొటో కూడా తియ్యరు. పడమటెండలో పెడితే వాటి ఒంపు ఎంత బాగుంటుందో వెస్టన్ ఫొటో చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఎవరైనా మీ పిల్లలో, చుట్టాలో అటు వెళ్ళి నల్లకూజా ఒకటి తెచ్చిపెడితే రెండు జాగ్రత్తలు తీసుకోండి. తడిగుడ్డ పెట్టకండి, పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పూలు పెట్టాలని ముచ్చటగా వుంటే లోపల ఇమిడే గాజుగ్లాసు ఒకటి పెట్టి నీళ్ళు అందులో పొయ్యండి. లేకపోతే తెల్లారేసరికి బల్లమీద గుడ్డంతా తడిసిపోయి వుంటుంది.